రెండో మాస్కు ఎవరిది?

నిదానం గారి ఆఫీసుకి వచ్చేవాళ్లు మెట్ల మధ్యలో ఒకసారి ఆగుతారు. భార్య మీద అనుమానంతో వచ్చినవాడూ ఆగుతాడు, వ్యాపారంలో భాగస్వామి ముంచాడని వచ్చినవాడూ ఆగుతాడు. ఇంటి గుట్టు పరాయివాడి చేతిలో పెట్టడానికి కాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోవు మరి. టైపు మిషను ముందు కూర్చుని ఆ చెక్కమెట్ల చప్పుడు వింటూ, వచ్చేది ఎలాంటి కేసో తనలో తనే పందెం కాసుకోవడం స్టెనోకి అలవాటు. ఆ ఉదయం వచ్చిన మనిషి మాత్రం ఎక్కడా ఆగలేదు. పరుగులాంటి నడకతో మెట్లన్నీ ఎక్కేసి, తీరా తలుపు దగ్గరికి వచ్చాక గడప దాటకుండా నిలబడిపోయింది.

స్టెనో ఆమెని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది, మంచినీళ్లు ఇచ్చింది. స్టెనోకి ఒక పేరు ఉండేది గాని, కోర్టులో స్టెనోగ్రాఫరుగా చేసిన రోజుల్లోనే అది అరిగిపోయింది. ఆ ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర అసిస్టెంటుగా చేరినప్పుడు అందరూ ఆమెకి మతిపోయిందన్నారు. కోర్టులో తాను చూసిన జడ్జీలందర్నీ కలిపినా నిదానం గారి బుర్రకి సాటిరారని స్టెనోకి గట్టి నమ్మకం. ఆయన ఏ పనీ తొందరగా చేయడు. ఆయన బూట్లు వేసుకునేలోపు మామూలువాళ్లు వీధి చివరికి వెళ్లి తిరిగొస్తారు. అందుకే వీధివాళ్లు ఆయనకి ఆ పేరు పెట్టారు, ఆయనా దాన్ని ఇష్టంగానే పెట్టుకున్నాడు.

వచ్చినామె పక్క వీధిలో కళ్లజోళ్ల దుకాణం యజమానురాలు. కళ్లు పరీక్ష చేసి పవరు చెప్పేది ఆమే కాబట్టి అందరూ కళ్ల డాక్టరమ్మ అంటారు. మందపాటి అద్దాల వెనక ఆమె కళ్లు బాగా పెద్దవిగా కనబడుతున్నాయి. వాటిలో ఉన్న భయం కూడా అంతే పెద్దదిగా కనబడింది.

"నా పాస్‌పోర్టు పోయిందండీ," అంది చివరికి.

"పోలీసులకి చెప్పారా అమ్మా?" అన్నాడు నిదానం గారు.

"ఎలా చెప్పనండీ? బీరువా తాళం పగల్లేదు. తాళంచెవి ఎక్కడ పెడతానో తెలిసినవాళ్లే తీశారు. వాళ్లేమో ముగ్గురే. మా ఆయన, మా ఆడపడుచు చిన్ని, ఎదురుగా ట్రావెల్ ఆఫీసు నడిపే టికెట్ల మేడమ్. పోలీసుల్ని తీసుకొచ్చి ఈ ముగ్గుర్లో ఎవరి మీదకి వదలమంటారు?"

"ప్రయాణం ఎప్పుడు?"

"వచ్చే వారమే. పాలినీషియా దీవులకి. వారం రోజులు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతు కాస్త తేరుకుంది. "పటంలో చూస్తే సముద్రం మీద ఎవరో ఉప్పు చల్లినట్టుంటాయండీ. ఏడాదిగా అదే పని నాకు. ఏ నెలలో వానలుండవు, ఏ దీవి నుంచి ఏ దీవికి పడవ ఉంది, ఎక్కడ చిన్న విమానం ఎక్కాలి, అన్నీ చదువుకున్నాను. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారట, అందుకని ఆ రోజు ఈతకి పెట్టాను. పగడాల మీద నడిస్తే కాళ్లు కోసుకుంటాయని రబ్బరు చెప్పులు కూడా కొన్నాను. నేను పెళ్లయ్యాక ఈ ఊరు దాటలేదండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరికీ గోడ మీద అక్షరాలు చూపించి, కనబడుతున్నాయా అని అడగడమే నా బతుకు. ఆ గోడ అవతల ఏముందో నేను ఒక్కసారి చూడాలి."

కొత్త పాస్‌పోర్టు రావాలంటే నెలలు పడుతుంది. టికెట్లు వృథా ఎందుకు, నేనొక్కణ్నే వెళ్లొస్తానని భర్త అప్పుడే అనేశాడట. ఆ సంగతి చెప్పి ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నది అద్దాలు కాదని స్టెనోకి తెలుస్తూనే ఉంది.

"ఎవరో నన్ను వెళ్లనివ్వకూడదని పట్టుబట్టారండీ. నాతో రోజూ నవ్వుతూ మాట్లాడేవాళ్లే. నిన్నట్నుంచి వాళ్ల చేతి మంచినీళ్లు తాగాలన్నా భయంగా ఉంది."

నిదానం గారు బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు.

కళ్లజోళ్ల దుకాణం మూడు గదులు. ముందు గదిలో గోడల నిండా ఫ్రేములు, వాటి మధ్య డాక్టరమ్మ భర్త. నవ్వు మొహం, నున్నగా దువ్విన తల, కళ్లకి జోడు అవసరం లేని మనిషి. నడిమి గదిలో కళ్లు పరీక్ష చేసే కుర్చీ, ఎదురు గోడకి అక్షరాల పట్టిక, దాని కిందే రంగు గుండుసూదులు గుచ్చిన దీవుల పటం. పరీక్షకి వచ్చినవాళ్లకి ఆఖరి వరస కనబడకపోయినా దీవులు కనబడేవట. పాస్‌పోర్టు పోయిన బీరువా ఆ గదిలోనే ఉంది. వెనక గది చిన్నిది. అద్దాలు అరగదీసే యంత్రం అక్కడుంది.

"దొంగతనం ఏమిటండీ, మీరు మరీను," అని భర్త నవ్వాడు. "మా ఆవిడ అన్నీ జాగ్రత్తగా పెడుతుంది, ఎక్కడ పెట్టిందో తనకే తెలియనంత జాగ్రత్తగా. వెతికితే దొరుకుతుంది. ప్రయాణం అయ్యాక దొరుకుతుంది, చూడండి."

"మీరొక్కరూ వెళ్లడానికి బాధగా లేదా?"

"బాధే. కానీ ఇద్దరూ ఉండిపోయి ఏడిస్తే ఏం లాభం?"

పెట్టె సర్దేశారా అని నిదానం గారు అడిగితే, బీరువా పక్కనున్న పెద్ద పెట్టె చూపించాడు. అందులో రంగు కాగితంలో చుట్టిన పొట్లాం ఒకటి ఉంది. నీళ్లలో మునిగి చేపల్ని చూడటానికి పెట్టుకునే మాస్కులట, ఒకటి తనకి, ఒకటి డాక్టరమ్మకి. దీవుల్లో దిగాకే విప్పాలని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడట. ఈలోగా ముందు గదిలోంచి బేరం పిలిచింది, ఆయన వెళ్లాడు.

"విప్పు," అన్నాడు నిదానం గారు.

స్టెనో కాగితం చిరగకుండా విప్పింది. మొదటి మాస్కు మొహానికి పెట్టుకుంటే గది గదిలాగే కనబడింది. రెండోది పెట్టుకోగానే అక్షరాల పట్టిక కుడికంటికి దూరంగా పారిపోయి చీమల బారైంది, ఎడమకంటికి మాత్రం కొంచెమే చిన్నదైంది. తల గిర్రున తిరిగి ఆమె కుర్చీ పట్టుకుంది.

"నాసిరకం సరుకండీ. కళ్లజోళ్ల వ్యాపారి అయ్యుండి ఎలా మోసపోయాడో!"

నిదానం గారు రెండు అద్దాలూ విడివిడిగా చూశాడు. పొట్లాన్ని మళ్లీ అలాగే చుట్టమన్నాడు. స్టెనో నవ్వుకుంటూ చుట్టింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తర్వాత చాలాకాలం తలకొట్టేసినట్టయ్యేది.

చిన్ని పేరుకే చిన్ని, నలభై దాటింది. అత్తారింట్లో ఇమడలేక వచ్చేసి, అన్నావదినల పంచన ఉంటూ ఈ యంత్రం మీద పని నేర్చుకుంది. నిదానం గారూ స్టెనో వెళ్లేసరికి తడి చేతులతో ఒక అద్దం అంచుని రాయి మీద నున్నగా చేస్తోంది. యంత్రం ఆపిందేగాని తల ఎత్తలేదు.

"ఈ దుకాణంలోంచి బయటికెళ్లే ప్రతి అద్దమూ మీ చేతి మీదుగానే వెళ్తుందా అమ్మా?"

"ఇంకెవరికి చేతవుతుందండీ? వదిన కళ్లు చూస్తుంది, పవరు చెబుతుంది. అన్నయ్యకి ఫ్రేము బిగించడం తప్ప ఇంకేం రాదు."

"ప్రయాణానికి మాస్కులు కొన్నారట, చూశారా?"

"లేదండీ. ముందు గదిలో సంగతులు నాకేం తెలుస్తాయి?" అంది చిన్ని, కాస్త తొందరగానే.

ఆమె వెనక గోడకి అద్దాల బీరువా ఒకటి ఉంది, నిండా కళ్లజోడు డబ్బాలు. అవేమిటని అడిగాడు నిదానం గారు. చేయించుకుని తీసుకెళ్లడానికి రానివాళ్లవి అంది. కొందరు ఊరు మారతారు, కొందరు పోతారు, కొందరు ఊరికే మర్చిపోతారు. "పారేద్దామంటే మనసొప్పదండీ. ఒక మనిషి చూపు కదా," అంది. ఆ ఒక్క మాట మాత్రం మొహంలోకి చూసి చెప్పింది. డబ్బాలన్నిటి మీదా దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. అడుగు వరసలో ఒక మూల రెండింటి మీద మాత్రం లేదు.

టికెట్ల మేడమ్ వాళ్లని లేచి నిలబడి ఆహ్వానించింది. గోడ మీద మంచు కొండలు, ఎడారులు, సముద్రాలు. తలుపుకి, వచ్చే వారమంతా ఆఫీసుకి సెలవని రాసిన అట్ట వేలాడుతోంది. ఆమె చక్కని మనిషి. ఒంటి మీది చీర నుంచి కళ్లజోడు దాకా అన్నీ ఏరి కొనుక్కున్నట్టున్నాయి. కాకపోతే అద్దాల వెనక కుడి కన్ను ఎడమ కంటికంటే చిన్నదిగా ఉండి, ఏ క్షణాన కన్నుగీటుతుందో అన్నట్టుంది. స్టెనోకి ఆ కన్ను చూస్తే నవ్వొచ్చింది.

"పాస్‌పోర్టు నెల రోజులు నా దగ్గరే ఉందండీ. నేనే తీసుకెళ్లి, ఆవిడ చెబితే బీరువాలో పెట్టాను. ఆ తర్వాత నాకు తెలియదు," అంది మేడమ్.

"సెలవులు ముమ్మరంగా ఉండే రోజులు కదమ్మా, ఇప్పుడు ఆఫీసు మూస్తున్నారే?"

"మా అక్కకి ఒంట్లో బాగాలేదండీ. చూసి రావాలి." అని, ఒక నిట్టూర్పు విడిచింది. "పాపం డాక్టరమ్మ! రోజూ మధ్యాహ్నం వచ్చి ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చునేది. పొద్దునపూట గాలి తక్కువ కాబట్టి పడవ పొద్దున్నే అనేది, గుడిసె కిటికీ పడమటికి ఉండాలనేది. నేను ఎంతోమందిని ఎన్నో చోట్లకి పంపించాను గాని, ఇంత ముచ్చటగా ప్లాన్ వేసుకున్నవాళ్లని చూడలేదు."

వీధిలోకి వచ్చాక స్టెనో ఉండబట్టలేకపోయింది. "భర్తే తీశాడండీ. ఒక్కడే ఊరేగాలని. అంతేనా?"

"భర్తకి దొంగతనం చేయాల్సినంత అవసరం లేదు," అన్నాడు నిదానం గారు. "రేపు సాయంత్రం దుకాణం కట్టేశాక నలుగుర్నీ ఒకచోట కూర్చోబెట్టమను."

నలుగురూ నడిమి గదిలో కూర్చున్నారు. డాక్టరమ్మ తన స్టూలు మీద, భర్త పరీక్ష కుర్చీలో కాలు మీద కాలేసుకుని, టికెట్ల మేడమ్ తలుపు పక్కన. చిన్ని కూర్చోనంది, వెనక గది గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. స్టెనో పెన్సిలు తీసింది. ఇలాంటి ఘట్టాల కోసమే ఆమె కోర్టు ఉద్యోగం వదిలింది.

"పాస్‌పోర్టు తీయగలిగినవాళ్లు ముగ్గురు," అని మొదలుపెట్టాడు నిదానం గారు. "ముందు మేడమ్ సంగతి. పాస్‌పోర్టు నెల రోజులు ఈమె చేతిలోనే ఉంది. మాయం చేయాలనుకుంటే తిరిగి ఇవ్వక్కర్లేదు, దారిలో పోయిందంటే సరిపోయేది. కాబట్టి ఈమె తీయలేదు. ఇక భర్త. ఈయన తీశాడా లేదా తెలియాలంటే ముందు ఈ ప్రయాణం ఎవరెవరిదో తెలియాలి. స్టెనో, ఆ పొట్లాం."

భర్త కాలు దించాడు. "అది మా ఇద్దరి మధ్య సంగతండీ. మీరు ముట్టుకోవడానికి వీల్లేదు."

అప్పటికే స్టెనో రెండో మాస్కు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీకోసమేనట. చూసి చెప్పండమ్మా," అన్నాడు నిదానం గారు.

డాక్టరమ్మ దాన్ని మొహానికి పెట్టుకోలేదు. రోజూ చేసే పనే కాబట్టి, చెయ్యి చాచి పట్టుకుని, అద్దంలోంచి గోడ మీది అక్షరాల్ని చూస్తూ నెమ్మదిగా అటూ ఇటూ కదిపింది. అక్షరాలు అద్దంతోపాటే కదిలాయి.

"ఇది మైనస్ కదండీ," అంది అయోమయంగా. "నాది ప్లస్. చిన్నీ, నువ్వు పొరపాటున..." అంటూనే రెండో అద్దం కూడా కదిపి చూసింది. "కుడివైపు బాగా ఎక్కువుంది. ఎడమవైపు కొంచెమే..."

 డాక్టరమ్మ మాస్కు దించి, తలుపు పక్కన కూర్చున్న మేడమ్ కుడి కంటిలోకి చూసింది.  స్టెనోకి అప్పుడు వెలిగింది. బాగా ఎక్కువ మైనస్ అద్దం వెనకే ఆ కన్ను అంత చిన్నదిగా కనబడేది.

"ఈ కళ్లు నేనే పరీక్ష చేశాను," అంది డాక్టరమ్మ.

"అవునమ్మా," అన్నాడు నిదానం గారు. "మామూలు మాస్కు కొని ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు. కానీ ఈయన కళ్లజోళ్ల వ్యాపారి. చూపు ఆనని మనిషికి ఉత్త అద్దం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మేడమ్ చేపల్ని సరిగ్గా చూడాలి కదా! ఆఫీసుకి సెలవు ఎందుకో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది. మీ పేరున టికెట్టు ఎప్పుడూ తీయలేదు. ఆఖరి రోజున మీ టికెట్టులో ఏదో పొరపాటు వచ్చిందని, ఆయన ముందు వెళ్లాలని, మీరు తర్వాతి విమానంలో రావచ్చని మేడమ్ చెప్పేది. ఆ తర్వాతి విమానం ఎప్పటికీ వచ్చేది కాదు. ఇంత చక్కని దారి ఉండగా ఈయన పాస్‌పోర్టు తీయడం ఎందుకు?"

మేడమ్ లేచి నిలబడింది. "నన్ను అవమానించడానికి పిలిచారా?" అంది గాని, టికెట్టు ఎవరి పేరున ఉందో చూపించమని నిదానం గారు అడిగినప్పుడు గబగబా వెళ్లిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి దాటింది. 

"ఇక మిగిలింది ఒక్కరు," అన్నాడు నిదానం గారు. "ఈ దుకాణంలో ప్రతి అద్దమూ తన చేతి మీదుగానే వెళ్తుందని చిన్ని నాతో చెప్పింది. మాస్కులు చూడలేదనీ చెప్పింది. ఈ రెండూ కలవవు. పాస్‌పోర్టు వెనక బీరువాలో, అడుగు వరసలో, దుమ్ము లేని డబ్బాల చాటున ఉంది. తీసుకురామ్మా."

చిన్ని వెళ్లి తెచ్చింది. ఒక్క మడత కూడా పడలేదు.

"కాల్చేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు," అంది. "పాస్‌పోర్టు లేకపోతే ప్రయాణమే ఆగిపోతుందనుకున్నా వదినా. ఇది నీదాకా రాకుండా పోతుందనుకున్నా."

"మీరు ఆపాలనుకున్నారు. మీ అన్నయ్యకి కావలసిన సాకు మీరే తెచ్చి చేతిలో పెట్టారు," అన్నాడు నిదానం గారు.

డాక్టరమ్మ ఆయన మాట విన్నట్టు లేదు. "నీకెప్పట్నుంచి తెలుసు?" అంది చిన్నితో.

"అరగదీసిన రోజు నుంచి. నెలయింది. ఆ పవరు చూడగానే తెలిసింది."

"ఆ రోజు సాయంత్రమే కదూ, గుడిసె ఒడ్డు మీద తీసుకుందామా, నీళ్ల మీద తీసుకుందామా అని నిన్ను అడిగాను? నీళ్ల మీదే బాగుంటుంది వదినా అన్నావు."

చిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెబితే ఇల్లు రెండు ముక్కలవుతుందనుకున్నా. ఈ ఇల్లు లేకపోతే నేనెక్కడికి పోను?"

"నీ ఇల్లు నిలబడాలని నన్ను నెల రోజులు ఆడించారన్నమాట. వాళ్లు ఒకవైపు, నువ్వు ఒకవైపు."

భర్త అప్పుడు నోరు తెరిచాడు. ఏదో బలహీనతనీ, తప్పు జరిగిందనీ, టికెట్లు రద్దు చేసి వచ్చే ఏడాది ఇద్దరమే వెళ్దామనీ గడగడా చెప్పుకుపోయాడు. డాక్టరమ్మ మాస్కుని జాగ్రత్తగా కాగితంలో చుట్టి ఆయన ఒళ్లో పెట్టింది.

"నా కోసమైతే ఉత్త అద్దమే కొనేవారు," అంది. "ఆ ఉత్త అద్దానికే నేను ఆనందపడిపోయేదాన్ని. ఆ పటంలో ఆరు రోజులకే సూదులు గుచ్చాను, చూశారా ఎప్పుడైనా? ఏడో రోజు ఖాళీగా వదిలేశాను. ఆ రోజు మీరేం చేద్దామంటే అది చేద్దామని. ఏడాది నుంచి అడుగుతారేమో అని చూశాను, ఒక్కసారి కూడా అడగలేదు."

ఆయన తల వంచుకున్నాడు. పటం వైపు మాత్రం చూడలేదు.

డాక్టరమ్మ నిదానం గారినీ స్టెనోనీ వాకిలి దాకా సాగనంపింది. ఫ్రేముల గదిలో దీపం వేయలేదు, దారి చూపిస్తూ ముందు నడిచింది. నిదానం గారు గుమ్మంలో ఆగి, "కేసు ముగిసిందమ్మా. పాస్‌పోర్టు మీ చేతిలో ఉంది," అన్నాడు. ఆయన గొంతులో ఎప్పుడూ కేసు తేల్చాక ఉండే తృప్తి ఉంది.

"నేను వెతికిపెట్టమన్నది అదేనండీ," అంది డాక్టరమ్మ. "మిగతాది మీకు నిన్నే తెలుసు కదా?"

"నిన్నే తెలిసింది. నిజం అందరి ముందూ..."

"నేను నిజం వద్దనలేదండీ. నన్ను పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా? ఆ మాస్కు పట్టుకున్నప్పుడు నా మొహం ఎలా అయిపోయిందో నేను చూడలేదు. వాళ్లు ముగ్గురూ చూశారు. రేపట్నుంచి వాళ్ల మధ్యే ఉండాలి నేను."

నిదానం గారు వంగి బూటు తాడు సరిచేసుకున్నాడు.  డాక్టరమ్మ నమస్కారం పెట్టి తలుపు వేసుకుంది. లోపల్నుంచి గడియ పడ్డ చప్పుడైంది గాని, అడుగుల చప్పుడు వినబడలేదు. ఆ తలుపు వెనకే నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక గదిలో భర్త, ఇంకో గదిలో ఆడపడుచు.

కేసు తేలిన ప్రతిసారీ దారిలో స్టెనో ఆయన్ని ఆకాశానికెత్తేది. ఫలానా మాట ఎలా పట్టుకున్నారండీ, ఫలానా చోట నేను బోల్తాపడ్డానండీ అని ఆఫీసు చేరేదాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడేది. ఇప్పుడూ ఆయన ఆ మాటల కోసమే కాస్త నెమ్మదిగా నడుస్తున్నట్టు ఆమెకి అనిపించింది. స్టెనో ఆయన్ని దాటుకుని ముందుకి నడిచింది.